విమానం పోయేదాకా ఆగిన పాఠం

ఆ ఉద్యోగం కబురు మొదట మోసుకొచ్చింది మా ఆడబిడ్డ. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచి అప్పటికి రెండు మూడేళ్లయింది. ఆమె అక్కడ ప్రయాణికులు కూర్చునే హాలులో చాయ్ కౌంటర్ మీద పనిచేసేది. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడపలోనే నిలబడి చెప్పింది.

"వదినె, ఇనుప దుకాణం మీద మేడల ఎవరో వీడియోలు తీస్తున్నరట. తెలుగు తప్పుల్లేకుండ సదివేటోళ్లు కావాలెనట. నువ్వు పో."

ఏం వీడియోలని అడిగాను. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పత్తాలాట నేర్పుతరట. పొద్దుగాల పూజ, పగలంత పత్తాలు. నీకు మంచిగుంటది."

మా పుట్టిల్లు రావిర్యాల దగ్గర. మేం సేద్యం చేసుకునేవాళ్లం. పెళ్లిళ్లలో మగవాళ్లు పందిరి వెనక దుప్పటి పరిచి పేకముక్కలు పంచుకుంటుంటే మా బాపు అటు ముఖం తిప్పకుండా నడిచిపోయేవాడు. బడి దూరమని నన్ను పంపలేదు, ఆయనే నాకు బడి. చదువు, లెక్కలు, దేవుడి ముందు కూర్చునే పద్ధతి, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అలాంటి మనిషి కూతురు పత్తాల మేడ మెట్లెక్కడమా అని ఆ రాత్రి దీపం కొండెక్కేదాకా ఆలోచించాను. భయం కంటే, అసలు పత్తాల్లో నేర్పేది ఏముంటుందన్న సందేహం ఎక్కువైంది. పోయి చూస్తే పోయేదేముందని పొద్దున్నే బయలుదేరాను.

యజమాని మా వైపు మనిషే. పెళ్లి వీడియోలు తీసి, పోటీ పరీక్షల పాఠాలు తీసి, చివరికి ఈ పనిలోకి వచ్చాడు. బెంగళూరులో ఒక కంపెనీ ఇంటర్నెట్‌లో పోకర్ నేర్పే పాఠాలు పెడుతోంది, తెలుగు పాఠాలు ఇతను తీసి పంపాలి. ఇందులో డబ్బు పెట్టి ఆడిస్తారా అని ముఖం మీదే అడిగాను. పాఠాల్లో అన్నీ ఉత్తుత్తి బిళ్లలేనని చెప్పాడు. "నేర్చినోడు బయట ఏం చేస్తడో నా జిమ్మేదారీ కాదక్కా, అబద్ధం ఎందుకు చెప్పాలె," అని కూడా అన్నాడు. ఆ రెండో మాట నిజాయితీగా ఉందనిపించి పనికి ఒప్పుకున్నాను. ఈ పని తప్పా కాదా అన్న సందేహం మాత్రం ఇన్నేళ్లలో పూర్తిగా తీరలేదు. తీరిందని మీకు చెబితే అది కూడా అబద్ధమే.

మీలో చాలామంది ఇప్పుడు ఫోనుతోనే పాఠాలు తీసి లోకానికి పంపుతున్నారు. అప్పుడు మా దగ్గరున్నది ఒక గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, కిటికీలకు పాత పరుపులు కుక్కారు. ఎందుకంటే మా మేడ సరిగ్గా విమానాల దారి కింద ఉంది. యజమాని కిరాయి మాట్లాడుకోవడానికి వచ్చింది మధ్యాహ్నం పూటట. ఆ వేళలో ఒక్క విమానమూ పోలేదు. ఇంత పెద్ద గది ఇంత సస్తాగా దొరికిందని మిఠాయి కూడా పంచాడట. రికార్డింగ్ మొదలుపెట్టాక తెలిసింది.

అందుకని నాకు రెండు పనులు. తెర మీద వచ్చే తెలుగు అక్షరాలు సరిచూడటం ఒకటి. కిటికీ పక్కన కూర్చుని, పరుపుల సందు నుంచి విమానం మోత వినపడగానే చెయ్యెత్తడం రెండోది. నేను చెయ్యెత్తితే సారు మాట ఆపాలి. మోత పోయాక చెయ్యి దించుతాను, సారు మళ్లీ అందుకుంటాడు. సారు అంటే పోకర్ నేర్పే మనిషి. గోదావరి జిల్లాల వాడు, మెత్తని మాట. అంతకుముందు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. నన్ను "అమ్మా" అనేవాడు.

ఇక ఎడిటింగ్ చేసే ఆమె. పహాడీ షరీఫ్ నుంచి షేర్ ఆటోల్లో మారి మారి వచ్చేది. మా ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. వాళ్ల అన్న పెళ్లి వీడియోల దుకాణంలో పని నేర్చింది. ఆ దుకాణం మూతపడ్డాక కాటేదాన్‌లో బిస్కెట్ ప్యాకింగ్‌లో చేరి, రోజంతా నిలబడి మోకాలు పాడుచేసుకుంది. ఇక్కడ కుర్చీలో కూర్చుని చేసే పని దొరికినందుకు ఆమె అల్లాకు, నేను నా దేవుడికి రోజూ కృతజ్ఞత చెప్పుకునేవాళ్లం. ఆమె నమాజుకు ఆ మూల చాప వేసుకుంటే నేను కిటికీ దగ్గర కళ్లు మూసుకునేదాన్ని. గోడలకు గుడ్ల అట్టలుంటే దేవుడికి మన మాట వినపడదేమోనని ఒకరోజు ఆమె నాతో అంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఆట సంగతి కొంచెం చెప్పాలి. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు విడతలు విడతలుగా తెరుస్తారు. తెరిచినప్పుడల్లా ఎవరికి వారు నిలబడాలా, పందెం పెంచాలా, వదిలేయాలా అని తేల్చుకోవాలి. అంతే ఆట. చేతిలో ఏముందన్నదాని కంటే ఎదుటివాడి దగ్గర ఏముండి ఉంటుందన్న ఆలోచనే పెద్దదని సారు అనేవాడు. దీన్ని వీడియోలో ఎలా నేర్పాలన్నది మాత్రం మాలో ఎవరికీ తెలియదు.

మొదట సారు కంప్యూటర్‌లో నాలుగు బల్లల మీద ఒకేసారి ఆడుతూ, ఆడుతున్నదాన్ని గబగబా చెప్పుకుంటూ పోయాడు. చూడటానికి గొప్పగా ఉంది కానీ, కన్ను ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. తర్వాత ఆట తీసేసి, నల్లబల్ల మీద రాసినట్టు లెక్కలతో పాఠాలు చేశాం. అవి నాకు బాగా నచ్చాయి. అక్షరాలు నేనే దిద్దాను కదా. నచ్చింది నాకొక్కదానికే. మూడోసారి, అయిపోయిన ఒక ఆటను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా ప్రతి ముక్కా ఎందుకలా ఆడాడో విడమర్చి చెప్పాడు. అది కొంచెం నయం.

ఏది నయమో ఎలా తెలిసేదంటే, బెంగళూరు వాళ్లు ప్రతి పాఠానికీ ఒక గీత బొమ్మ పంపేవాళ్లు. ఎడమ వైపు గీత ఎత్తుగా మొదలవుతుంది. చూసేవాళ్లు విసుగొచ్చి లేచిపోయిన చోటల్లా కిందికి దిగుతుంది. ఎడిటింగ్ ఆమె ఆ బొమ్మ చూసి, "మా గుట్ట దిగినట్టే దిగుతున్నది అక్కా. ఎక్కేటోడు ఒక్కడు లేడు," అనేది.

చివరికి బెంగళూరు నుంచి మాట వచ్చింది. ఇంకొక్క నమూనా పాఠం పంపండి, అది కూడా ఇలాగే దిగితే ముంబైలో వేగంగా, హుషారుగా మాట్లాడే ఒక కోచ్ ఉన్నాడు, అతని పాఠాలకే తెలుగు గొంతు పెట్టుకుంటాం అని. అంటే మా మేడకు తాళం. ఆ రోజు చాయ్ తాగుతూ ఆమె నాతో నెమ్మదిగా అంది.

"ఇది బందైతే నేను మళ్ల కాటేదాన్ పోవాలె అక్కా. పొద్దంత నిలబడాలె. నా మోకాలు ఇగ ఒప్పుకోదు."

నా గ్లాసులో మిగిలిన చాయ్ ఆమె గ్లాసులో పోశాను.

ఆమె పని ఎంత శుభ్రమో మీకు చెప్పాలి. ముందు విమానం మోత తుడిచేసేది. తర్వాత నేను చెయ్యెత్తిన చోటల్లా మిగిలిన ఖాళీని కత్తిరించి అటూ ఇటూ అతికేది. సారు గొంతు సవరించుకున్నా, ఊపిరి పీల్చుకున్నా అదీ తీసేసేది. పాఠం ఏ స్టాపులోనూ ఆగని ఎక్స్‌ప్రెస్ బస్సులా పోయేది. అలా ఉండటమే పనితనమని మేమందరం అనుకున్నాం.

అది రంజాన్ నెల. నమూనా పాఠం రికార్డింగ్ రోజు విమానాలు ఒకదాని వెనక ఒకటి పోయాయి. చెయ్యి ఎత్తి ఎత్తి నాకు భుజం లాగింది. ఆమె మోత తుడిచే పని ముగించేసరికి పొద్దు వాలింది. ఇఫ్తార్‌కు ఇల్లు చేరాలని, ఖాళీలు రేపు కత్తిరిస్తానని, ఫైలు దాచి వెళ్లిపోయింది. ఏ విడత పని ముగిసినా ఫైలు పేరు పక్కన "హోగయా", అంటే అయిపోయిందని, రాసుకోవడం ఆమె అలవాటు. అన్నీ ముగిస్తే "పూరా హోగయా". ఈ తేడా ఆమెకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు. యజమాని వచ్చి కంప్యూటర్ చూశాడు, హోగయా అని ఉంది, సంతోషంగా బెంగళూరుకు పంపేశాడు.

మర్నాడు సంగతి బయటపడింది. యజమాని తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఆపా, హోగయా అని నువ్వే రాసినవ్ గద?"

"విమానం హోగయా అన్నా. పాఠం కాలే."

ఎవరిని తిట్టాలో ఆయనకు తెలియలేదు. ఆమె కంప్యూటర్ కట్టేసి, చున్నీ సరిచేసుకుంది. పంపిన పాఠంలో మాటల మధ్య అంతంత ఖాళీలు, మాట లేదు, మోత లేదు. మెషీన్ చెడిపోయిందనుకుంటారు చూసేవాళ్లు. మాకు ఇక మిగిలింది సామాను సర్దుకోవడమే.

గీత బొమ్మ వచ్చింది. ముందు యజమాని చూశాడు. తర్వాత సారును పిలిచాడు, తర్వాత మా ఇద్దరినీ పిలిచాడు. గీత దిగుతోంది, కానీ ఖాళీ ఉన్న ప్రతిచోటా మళ్లీ లేస్తోంది. చిన్న చిన్న గుట్టలు. జనం వెనక్కి జరిపి అదే చోటు మళ్లీ చూస్తే గీత అలా లేస్తుందని సారు చెప్పాడు. పైగా చివరిదాకా ఉన్నవాళ్లు ముందెన్నడూ లేనంత మంది.

"ఏం లేని కాడ ఏం చూస్తున్నరు వీళ్లు?" అన్నాడు యజమాని. నిజంగా అర్థం కాకే అడిగాడు. నాకూ అర్థం కాలేదు, కానీ ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఇంటికి పోయి బియ్యం ఏరుతున్నా అదే. మర్నాడు మధ్యాహ్నం అందరూ తిండికి పోయినప్పుడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ పాఠం ఒక్కదాన్నే చూశాను, దిద్దేదానిలా కాకుండా నేర్చుకోవడానికి వచ్చినదానిలా. సారు చేతిలో రెండు జాకీలు. మధ్యలో రాజు తెరుచుకుంది. ఎదుటివాడు పందెం పెంచాడు. "ఇప్పుడు మనం ఏం చేయాలంటే," అన్నాడు సారు. అక్కడ విమానం. నిశ్శబ్దం. నా లోపల ఎవరో "వదిలెయ్" అన్నారు. మళ్లీ ఎవరో "ఆగు, అతని దగ్గర నిజంగా రాజుందా?" అన్నారు. అలా అన్నది నేనే. పత్తా ముట్టని దాన్ని, పత్తాల్లో ఆలోచిస్తూ కూర్చున్నాను.

అప్పుడు బాపు గుర్తుకొచ్చాడు. ఆయన లెక్క అడిగి, నేను నోరు తెరిచేలోపు లేచి బావి దగ్గర మోటారు వేయడానికో, కట్టేయడానికో పోయేవాడు. తిరిగి వచ్చేసరికి జవాబు నా దగ్గర ఉండేది. నాకు ఆలోచించే సమయం ఇవ్వాలని పోయేవాడా, కరెంటు ఉండగానే మడి తడపాలని పోయేవాడా? అడగడానికి ఆయన లేడు. ఏదైనా కానీ, నాకు చదువొచ్చింది ఆ మోటారు వేళల్లోనే. ఈ సంగతి సారుకు, ఆమెకు చెప్పాను. సారు పోయి యజమానికి చెప్పాడు.

ఇక యజమాని ఉత్సాహానికి పట్టపగ్గాలు లేవు. "ఖాళీలే కావాలెనా? ఇంటింటికి పంచుదాం," అని ప్రతి ప్రశ్న తర్వాతా బొమ్మను కదలకుండా నిలబెట్టి ఖాళీ పెట్టించాడు. ఆ పాఠం పంపాం. గీత మళ్లీ గుట్ట దిగింది. ఒక్క చోటా లేవలేదు. ఖాళీ వచ్చిన చోటే జనం లేచిపోయారు.

ఇది ఇంకా వింత. అదే ఆట, అదే సారు, అంతే ఖాళీ. బెంగళూరు ఆయన ఇంకెక్కడికో పోతూ దారిలో శంషాబాద్‌లో దిగుతానని, మా మేడకు వచ్చి అటో ఇటో తేల్చి పోతానని ఫోను చేశాడు. ఈసారి నమూనా పంపడం లేదు, ఎదురుగా కూర్చుని చూడటమే. ఎడిటింగ్ ఆమె రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని రోజంతా తిప్పి తిప్పి చూసింది. చివరికి సారును పిలిచింది.

"సార్, జర గిటు చూడున్రి. విమానం వచ్చిననాడు మీరు మాట ఆపిన్రు గానీ, ఈ బాణం గుర్తు ఆగలే. జాకీ మీదికి పోతున్నది, రాజు మీదికి పోతున్నది, మళ్ల వెనుకకు వస్తున్నది. ఇప్పటి దాంట్ల సచ్చినట్టు పడి ఉన్నది. ఆనాడు అక్కడ ఏం చేస్తుండిన్రు సార్ మీరు?"

సారు తెర దగ్గరికి వంగి చూశాడు. కంప్యూటర్ మీద ఆయన చెయ్యి తిప్పిన బాణం గుర్తు, ఒక ముక్క మీద నుంచి ఇంకో ముక్క మీదికి, ఎటూ తేల్చుకోలేక తిరుగుతోంది.

"ఆలోచిస్తున్నానమ్మా," అన్నాడు. "నిజం చెప్పనా? ఆ ఆట నేను ముందు చూసుకోలేదు, ఏం చేయాలో అప్పటికి నాకే తెలియదు. విమానం వెళ్లేలోపు తేల్చుకున్నాను. ఇందులో అయితే, జవాబు ముందే తెలుసు. ఊరికే ఆగాను."

సమాధానం జేబులో పెట్టుకుని ఆగేవాడి నిశ్శబ్దానికి, నిజంగా వెతుకుతున్నవాడి నిశ్శబ్దానికి అంత తేడా ఉంటుందని, అది తెర అవతల ఎక్కడో కూర్చున్న ముక్కూముఖం తెలియని మనిషికి కూడా తెలిసిపోతుందని మాలో ఎవరికి తెలుసు? నేను దేవుడి ముందు కూర్చునే తీరు కూడా ఆ రోజు నుంచి కొంచెం మారింది. అది వేరే సంగతి.

అప్పుడు చేసిన పని చిన్నదే. సారు తాను ముందు చూడని, తనకే సందేహమైన ఆటలు తీసుకున్నాడు. ప్రశ్న అడుగుతాడు, విమానం వచ్చేవరకు ఆగి, అది పోయేలోపు తేల్చుకుంటాడు, తేల్చుకున్నది తప్పైనా చెబుతాడు. ఖాళీ కత్తిరించకూడదు, బాణం ఆపకూడదు. మోత లేకుండా ఆగితే ఊరికే ఆగినట్టే ఉంటోందని సారు అన్నాడు. చిక్కేమిటంటే, కావాలన్నప్పుడు విమానాలు రావు. ఇన్నాళ్లు విమానాలను తిట్టిన యజమాని ఇప్పుడు మా ఆడబిడ్డకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఆమె చాయ్ కౌంటర్ మీది నుంచే, "ఢిల్లీది లేటున్నదట, జర సేపు వేరే పని చూసుకోన్రి," అని చెప్పేది. సాయంత్రం ఇంటికొచ్చి, "మీ సారుకు ఆలోచన రావాలంటే నేను విమానం పంపాలె," అని నన్ను ఆటపట్టించేది.

బెంగళూరు ఆయన వచ్చిన రోజు మేం నలుగురం గోడ వెంబడి నిలబడ్డాం. ఎడిటింగ్ ఆమె కూడా నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన అనంతపురం వైపు మనిషట, తక్కువ మాట్లాడతాడు. బ్యాగు ఒడిలోనే పెట్టుకుని, గడియారం చూసుకుని, ఊఁ పెట్టమన్నాడు. పాఠం మొదలైంది. చేతిలో రాణులు రెండు. మధ్యలో ముందే ఆసు తెరుచుకుంది, తర్వాత ఏవేవో. ముందు విడతలో వెనకాడిన ఎదుటివాడు చివరి ముక్కకు తన బిళ్లలన్నీ ముందుకు తోశాడు. "ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు తెర మీది సారు. నిశ్శబ్దం. బాణం రాణి మీద నుంచి ఆసు మీదికి, ఆసు మీద నుంచి రాణి మీదికి తిరిగింది.

ఆ క్షణంలోనే మా మేడ మీదుగా నిజం విమానం పోయింది. అలవాటు కొద్దీ నా చెయ్యి లేచింది.

ఆయన తెర వైపు చూస్తూనే, ఎవరితోనో అన్నట్టు, "వదిలేయాల," అన్నాడు. "ఆసు వాని దగ్గరుంది."

తెర మీది సారు మెల్లగా అన్నాడు. "నేను వదలట్లేదండి. ఆసు నిజంగా ఉన్నవాడు ముందు విడతలో అంత భయపడడు."

"ఎట్ల వదలవు సామీ?" అన్నాడాయన తెరతో. అసలు సారు వెనకాలే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడని ఆయనకు గుర్తే లేదు. తర్వాత గుర్తొచ్చి వెనక్కి తిరిగి ఆయనతోనే వాదానికి దిగాడు. బ్యాగు ఒడిలో నుంచి జారి కింద పడింది, ఎవరూ తీయలేదు. ఇద్దరూ కుర్చీలు లాక్కుని, ఆ చోటే మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి చూశారు. యజమాని నా చెవిలో, "గీత లేస్తున్నదక్కా," అన్నాడు. ఎడిటింగ్ ఆమె అప్పుడు కూర్చుంది.

మా ఆడబిడ్డ ఫోను చేసి మీ బెంగళూరు సారు ఎక్కాల్సిన విమానానికి ఆఖరి పిలుపు పిలుస్తున్నారని చెప్పేదాకా ఆయన లేవలేదు. మెట్లు దిగుతూ, ఇలాగే తీయండి, ముంబై సంగతి నేను చూసుకుంటానన్నాడు. సగం మెట్ల మీద ఆగి, "అయినా వదిలేయాలప్పా," అని దిగిపోయాడు. ఆ ఆటలో ఎవరు గెలిచారని మీరు అడుగుతారేమో. ఆ పాఠంలో మేం దాన్ని చూపించలేదు. చూపిస్తే అక్కడితో ఆలోచన ఆగిపోతుందని సారే వద్దన్నాడు. నాకూ తెలియదు.

ఆ తర్వాత మా మేడ చాలాకాలం నడిచింది. నాకు కంటిచూపు తగ్గి మానేసేదాకా అక్కడే పనిచేశాను. ఆమె కుర్చీలో కూర్చునే పనిచేసింది. పాఠాల చివర పేర్లు వేసే పద్ధతి వచ్చినప్పుడు యజమాని ఆమె పేరే ముందు వేయబోయాడు. ఆమె ఒప్పుకోలేదు. నన్ను పక్కకు పిలిచి, "పత్తాల కింద నా పేరు వద్దని చెప్పక్కా. దర్గా గల్లీల తెలిస్తే మా అత్త నా ముఖం చూడది," అంది. అందుకని సారు పేరు వచ్చింది, యజమాని పేరు వచ్చింది, అక్షరాలు దిద్దినందుకు నా పేరు కూడా వచ్చింది. మా బాపు చూస్తే ఏమనేవాడో. ఆమె పేరు ఎక్కడా లేదు. వద్దంది కాబట్టి నేనిక్కడ కూడా చెప్పను.

మీరు చూసే ఏ పాఠంలోనైనా, అది లెక్కలది కావచ్చు, వంటది కావచ్చు, చెప్పేవాడు ప్రశ్న అడిగి ఊరుకుంటే, తెర మీద బాణం గుర్తు ఎటు పోవాలో తెలియక తిరుగుతుంటే, దయచేసి ముందుకు జరపకండి. ఆ ఖాళీలో ఉన్నదాన్ని మొదట చూసిన ఒక మనిషి ఉంది. పహాడీ షరీఫ్ గుట్ట కింద నుంచి, నొప్పి మోకాలితో, ఆటోలు మారి మారి వచ్చేది. ఆ నిశ్శబ్దం ఉన్నంతసేపు ఆమెను తలుచుకోండి.